పేజీకి చేరని మందు కబురు

"రాసినానక్కా. మొన్ననే రాసినాను."

"యాడ రాసినావప్పా? నా కండ్లకు కనపడలేదే."

"కండ్లు కనపడకపోతే నేనేం చేసేది? ఇదో, చూడు. నా పేరు, నా టమాటా తోట, మందు కొట్టిన దినం, మందు పేరు. అన్నీ ఉండాయి."

"ఇప్పుడు నా ఫోను చూడు. నీ పేరుంది. దాని పక్కన ఖాళీగా ఉండాది."

"అయితే నీ మనవరాలి మిషను అబద్ధం చెప్తా ఉండాది."

"మిషను సంగతి తరువాత. మందు కొట్టినోడివి, గట్టు మీద నిలబడి ఒక్క కేక వేసుంటే నీ సొమ్మేం పోయేది?"

"కేకలు వేసే పని లేకుండా చేసేదానికే కదా పేజీ పెట్టింది? ఇంగ ఎవరూ ఇంటింటికీ తిరగొద్దు, పేజీలో రాస్తే చాలు అని చెప్పిందెవరు? నువ్వే కదా."

అట్ల చెప్పింది నేనే.

పోయిన సంవత్సరం వేసవిలో, కోలారు జిల్లా సుగటూరు పక్కనుండే మా పల్లెలో, మా చాకీ ఇంటి వాకిట్లో జరిగిన మాటలివి. నాతో మాట్లాడిన మనిషి వెంకటరవణప్ప. నా మల్బరీ తోటకు తూర్పు గట్టు అవతల ఆయన టమాటా తోట ఉంది. ఆయన జగడానికి రాలేదు. మా ఆడవాళ్ళు తన గట్టు పక్కన ఆకు కోసింది చూసి, అయ్యో అని పరుగెత్తుకొని వచ్చినాడు. ఆయన వచ్చేసరికి ఆ ఆకును తరిగి మొదటి స్టాండులోని ట్రేలన్నిటికీ మేత వేసేసినాము. మిగిలిన రెండు స్టాండ్లకు వేయబోతా ఉండినాము.

ఈ పని తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. పట్టుపురుగు గుడ్డు పగిలి బయటికి వచ్చినప్పుడు చీమకన్నా చిన్నది. అప్పటినుంచి రెండో జ్వరం దాకా దాన్ని పెంచడం రైతుకు కష్టం. జ్వరం అంటే రోగం కాదు. పురుగు పాత చర్మం విడిచేదానికి మేత మానేసి కదలకుండా కూర్చునే సమయాన్ని మా పక్క జ్వరం అంటాము. ఆ పసి పురుగును వేడి, తేమ సరిగ్గా పెట్టి, లేత ఆకు సన్నగా తరిగి వేసి పెంచే ఇంటినే చాకీ సెంటర్ అంటారు. రెండో జ్వరానికి కూర్చున్నాక రైతులు వచ్చి తీసుకుపోతారు. అక్కడినుంచి గూడు కట్టేదాకా వాళ్ళ బాధ్యత. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఈ పని మాత్రం పెండ్లయినప్పటినుంచీ చేస్తా ఉన్నాను.

పట్టుపురుగుకు మందు పడదు. పక్క చేలో కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చి ఆకు మీద పడితే చాలు, పురుగు చస్తుంది. మా కోలారు పక్క టమాటా, బీన్స్ వేసేవాళ్ళు ఎక్కువ. మందు కొట్టకుండా వాళ్ళకు పంట రాదు, మందు ఉంటే మాకు పంట రాదు. అందుకని మందు కొట్టేవాళ్ళు ముందుగా చెప్పడం, మేము ఆ పక్క ఆకు కొన్ని దినాలు వదిలిపెట్టడం మా ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి.

ముందు మనిషిని పంపి చెప్పేవాళ్ళు. తరువాత వాట్సాప్‌లో గ్రూపు పెట్టినారు. పొద్దున లేస్తే దేవుడి పటాలు, పుట్టినరోజు పూలు, ఎవరి పిల్లదో డాన్సు. వాటి కింద మందు కబురు యాడో మునిగిపోయేది. వేలితో తోసి తోసి నాకు విసుగు పుట్టేది.

మా కూతురి కూతురు దీప రాబర్ట్‌సన్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే అంగట్లో పని చేస్తుంది. నా దగ్గరే ఉండి దినమూ బస్సులో పోయొస్తుంది. ఒక దినం నా తిట్లు విని, "అవ్వా, అందరూ ఒకే పేజీలో రాసుకుంటే?" అనింది. ఎవరి తోట వాళ్ళకు ఒక వరస. ఎవరి ఫోనులో వాళ్ళు రాస్తే, అదే క్షణం అందరి ఫోన్లలోనూ కనపడాలి. అట్లాంటిదాన్ని ఎడిటర్ అంటారంట.

"నెలనెలా డబ్బు కట్టేదా?" అని అడిగినాను.

"కంపెనీ దగ్గర తీసుకుంటే కట్టాల. మన ఇంట్లోనే పెట్టుకుంటే అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక పాత కంప్యూటర్ ఉంటే చాలు."

"అట్లయితే ఇంట్లోనే పెట్టు. నా రైతుల పేర్లు, తోటలు ఊరుగాని ఊళ్ళో ఎవడి దగ్గరో ఉండేదెందుకు?"

ఏదో ఆఫీసు మూసేస్తే అమ్మేసిన కంప్యూటర్, చిన్న బిస్కట్ డబ్బా అంత, తెచ్చింది. దాన్ని సర్వర్ అనాలని చెప్పింది. ఎవరు అడిగినా పేజీ తీసి చూపించడం దాని పని. నేను చాకీ గదిలో అలమారు పైన పెట్టమన్నాను. "వద్దవ్వా, అక్కడి తేమకు నీ పురుగులు బతుకుతాయి, ఇది చస్తుంది" అని నడింట్లో గోడకు కొట్టించింది. అది రాత్రింబగళ్ళు నడవాలంటే నాకు మనసొప్పలేదు.

"మనం పడుకున్నాక అదెందుకు మేలుకొని ఉండాల? కరెంటు దండగ."

"నీ పురుగులు రాత్రిపూట మేసేది మానుతాయా?"

"మానవు."

"ఇదీ అంతే."

మొదట్లో పేజీ ఇంట్లో తెరుచుకునేది, గడప దాటితే తెరుచుకునేది కాదు. మన ఇంటర్నెట్‌కు ఒక అడ్రసు ఉంటుందంట, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మారిపోతుందంట. ఇంటి నంబరు దినానికొకటి మారితే పోస్టుమ్యాన్ ఎట్ల వస్తాడవ్వా అని చెప్తే నాకు అర్థమైంది. అడ్రసు మారినా పేరు మారకుండా ఉండేటట్లు ఏదో చేసింది. ఆదివారాలు దాని ముందరే కూర్చునేది. కరెంటు పోయినా ఆగకుండా చాకీ గది బ్యాటరీకి తగిలించింది. దినమూ పేజీకి ఒక నకలు పెన్‌డ్రైవ్‌లోకి పోయేటట్లు పెట్టింది. ఊళ్ళో ఒక్కొక్కరికీ ఒక పేరు, ఒక రంగు ఇచ్చింది. ఎవరు రాస్తా ఉంటే వాళ్ళ రంగు గీత పేజీలో కదులుతుంది. కొందరు తెలుగులో రాసేవాళ్ళు, కొందరు కన్నడంలో రాసేవాళ్ళు. రవణప్పకు ఎరుపు పడింది. చేలో ఎక్కడో నిలబడి ఆయన రాసే అక్షరాలు ఒక్కొక్కటీ మా ఇంట్లో నా ఫోనులో పుట్టడం చూసి, దీప చేతిలో ఏదో ఉందే అనుకున్నాను. ఆ దినమే అందరికీ చెప్పినాను. ఇంగ తిరగొద్దండి, కేకలొద్దు, పేజీలో రాయండి. మా ఆడవాళ్ళకూ చెప్పినాను. నేను పేజీ చూసి చెప్పందే ఎవరూ ఆకు కోయొద్దని.

ఆ గురువారం పొద్దున కూడా పేజీ చూసే చెప్పినాను. తూర్పు పక్క ఖాళీ. అక్కడ కోయండి అన్నాను.

ఇప్పుడు రవణప్ప ఫోనూ నా ఫోనూ పక్కపక్కన పెట్టినాము. అదే పేజీ. ఆయన దాంట్లో వరస ఉంది, నా దాంట్లో లేదు. దీపకు ఆ దినం సెలవు. లోపలినుంచి వచ్చి రెండూ చూసింది. రవణప్ప పేజీ మూసి మళ్ళీ తెరవబోతే, "మామా, ముట్టుకోవద్దు. మూయొద్దు" అని చెయ్యి పట్టుకుంది.

"యాడ నిలబడి రాసినావు మామా?"

"ఇంగెక్కడ? మోటారు కాడ, పల్లంలో."

"అక్కడ సిగ్నల్ ఉంటుందా?"

"మాట్లాడాలంటే పైకి రావాల."

"రాసినాక పైకి వచ్చి పేజీ తెరిచినావా?"

"రాసేసినాక మళ్ళీ ఎందుకు తెరిచేది?"

దీప ఆయన ఫోనుకు మా ఇంటి వైఫై కలిపింది. కొంచెం సేపటికి, మేము చూస్తా ఉండంగానే, నా ఫోనులో ఆ ఖాళీ నిండింది. తూర్పు గట్టు, టమాటా, మంగళవారం సాయంత్రం, మందు పేరు. ఆయన పల్లంలో రాసింది ఆయన ఫోనులోనే కూర్చుని ఉండిపోయింది. రాసినట్లు ఆయనకు కనపడింది. రాయనట్లు నాకు కనపడింది. ఇద్దరమూ నిజమే చెప్పినాము.

"సిగ్నల్ లేకపోయినా రాసేదానికి వీలుండాలని నేనే అట్ల పెట్టినానవ్వా. పోయి చేరిందా లేదా అని రాసినవాళ్ళకు తెలిసేటట్లు పెట్టలేదు" అనింది దీప. మొహం తెల్లబోయింది.

"ఏడ్చేది తరువాత. ఇప్పుడు వలలు తియ్యి" అన్నాను.

చాకీ ట్రేల మీద పరిచేదానికి సన్న వలలు ఉంటాయి. వల పరిచి పైన కొత్త ఆకు వేస్తే, పురుగులు కన్నాల్లోంచి పైకి పాకుతాయి. అప్పుడు వల ఎత్తి, కిందనుండే పాత ఆకు పారేయొచ్చు. బుధవారం సాయంత్రం పడమటి తోటలో కోసిన ఆకు గోనెసంచి కింద తడిగా కొంచెం మిగిలి ఉండింది. దాన్నే తరిగి మొదటి స్టాండు ట్రేలకు వేయించి, తూర్పు ఆకు పారబోయించినాను. మిగిలిన రెండు స్టాండ్లు సాయంత్రం మేతదాకా ఆగాల్సి వచ్చింది. రవణప్ప సాయం చేస్తానని లోపలికి రాబోయినాడు.

"నువ్వు గడప దాటొద్దు. నీ చొక్కాలో ఎంత మందు ఉందో ఎవరికి తెలుసు?"

"ఉతికిందే అక్కా."

"ఉతికిందైనా సరే. బయట కూర్చుని గోనెలు తడుపు."

పోయి తొట్టి కాడ కూర్చున్నాడు.

అప్పటికి మొదటి స్టాండు పురుగులు ఎంత మేసినాయో చెప్పలేము. మందు తగిలిన పురుగు మేత వదిలేసి ట్రే అంచుకు పాకుతుంది. తల పైకెత్తి ఊపుతుంది. పచ్చటి రసం కక్కుతుంది. రెండో జ్వరం ముందర పురుగు ఎంత ఉంటుంది? భూతద్దం పెట్టి ఒక్కొక్క ట్రే చూడాల్సి వచ్చింది. మేస్తా ఉన్నాయి. అది మంచి గుర్తే. కానీ మందు వెంటనే చంపకపోవచ్చు, జ్వరానికి కూర్చున్నాక చంపొచ్చు. తెల్లవారితే రైతులు వస్తారు.

సాయంత్రం మేతకు దక్షిణం పక్క తోటలో కోయమని చెప్పబోయినాను. పేజీ చూసినాను. ఆ పక్క బీన్స్ వేసిన లక్ష్మీదేవమ్మ వరస ఖాళీగా ఉంది.

"అక్కడ కోయించు" అన్నాను.

"ఆగవ్వా" అనింది దీప. "ఖాళీగా ఉంటే మందు కొట్టలేదని ఎట్ల అనుకుంటావు? ఇప్పుడే కదా చూస్తిమి."

కోసేవాళ్ళను ఆపినాను. ఇన్ని నెలలుగా మేము చేసిన పని అదే. మునుపు మనిషి వచ్చి చెప్పకపోతే, ఏమో, మరచిపోయిండొచ్చు అని పోయి అడిగేవాళ్ళము. పేజీ వచ్చినాక, ఖాళీని చూసి, లేదు అని చదువుకున్నాము. ఖాళీ అంటే తెలియదు అని. అంతే.

దీప స్కూటర్ తీసింది. మా తోటల చుట్టూ ఉండేవాళ్ళ దగ్గరికంతా పోయి, ఒక్కొక్కరి ఫోను చేతికి తీసుకొని, సిగ్నల్ ఉండే చోటికి తెచ్చి పేజీ తెరిపించింది. నేను ఇక్కడ నా ఫోను ముందర పెట్టుకొని కూర్చున్నాను. చానా మందివి ఏమీ రాలేదు. ఎండ తిరిగేటప్పుడు పేజీలో ఆకుపచ్చ గీత కదిలింది. అది లక్ష్మీదేవమ్మ రంగు. అక్షరాలు వచ్చినాయి. బీన్స్, బుధవారం పొద్దున, పురుగు మందు.

దక్షిణం పక్క కోసుంటే మిగిలిన రెండు స్టాండ్లూ పోయుండేవి.

పడమటి తోట ఒక్కటే మిగిలింది. అక్కడ లేత ఆకు తక్కువ. కొసలు మాత్రమే గిల్లించి, ఉన్నదాన్నే మూడు స్టాండ్లకూ సర్దినాను.

ఆ సమయానికి జోసెఫ్ వచ్చినాడు. జోసెఫ్‌ది కేజీఎఫ్. వాళ్ళ నాయన అక్కడి బంగారు గనిలో పని చేసినాడు. గని మూసినాక ఇల్లు ఎట్లెట్లో గడిచింది. జోసెఫ్ బేతమంగలం పక్క భూమి గుత్తకు తీసుకొని మల్బరీ పెట్టినాడు, షెడ్డు కట్టినాడు. ఇది ఆయన మొదటి పంట. మొదటి స్టాండులో సగం ట్రేలు ఆయనవే, మిగిలిన సగం మా షెడ్డువి. రేపటికని కడిగి ఎండబెట్టిన ట్రేలు ఆటోలో వేసుకొని ఒక దినం ముందే వచ్చినాడు.

"అమ్మా, నా పురుగులు జ్వరానికి కూర్చున్నాయా?"

"కూర్చుంటా ఉండాయి. ఇట్ల కూర్చో, నీతో మాట్లాడాల."

దాచకుండా చెప్పినాను. ఆయన రవణప్ప వైపు చూసినాడు, నా వైపు చూసినాడు.

"మందు ఉండొచ్చు అంటావా, ఉండాది అంటావా?"

"తెలియదు. రేపు పొద్దునకు తెలుస్తుంది."

"బాగుండేవి ఏరి ఇప్పుడే ఇచ్చేయ్. నా ఆకు కోతకొచ్చేసింది అమ్మా. ఇంగ నాలుగు దినాలు పోతే ముదిరిపోతుంది. గుత్త భూమి. మళ్ళీ ఇగురు వచ్చేదాకా నేనేం చేసేది?"

"ఈ దినం బాగుండేది రేపు బాగుంటుందని నేను చెప్పలేను. చెప్పలేనిదాన్ని నీ షెడ్డుకు ఎక్కించను."

"వేరే సెంటర్‌లో అడగనా?"

"అడుగు. నేను తప్పు పట్టను. కానీ ఇప్పటికిప్పుడు జ్వరానికి కూర్చున్న పురుగు ఎవరి దగ్గరా దొరకదు."

ఫోనులో ఇద్దరు ముగ్గురిని అడిగినాడు. ఎక్కడా లేవు. తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

రవణప్ప తొట్టి కాడనుంచి, "తమ్ముడూ, మందు కొట్టింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు, అక్కను అనొద్దు" అన్నాడు.

"తిడితే పురుగు బతుకుతుందా అన్నా?"

"బతకదు. నీకు కొంచెం హాయిగా ఉంటుంది."

జోసెఫ్‌కు నవ్వు వచ్చింది. నవ్వినాక నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మా నాయన గనిలోకి దిగేటప్పుడు, కింద గాలి బాగుండాదని ఒక మనిషి చెప్పాల. ఆ మనిషి చెప్పకపోతే దిగేవాళ్ళు కాదు. నువ్వు చెప్పేదాకా నేను ఎత్తను" అన్నాడు. ఆ మాట నాకు తిట్టుకన్నా బరువుగా తగిలింది.

దీప సాయంత్రం వచ్చి, మళ్ళీ కంప్యూటర్ ముందర కూర్చుంది. పేజీ మార్చింది. ఎవరు రాసినా, అది మా ఇంటి సర్వర్‌కు చేరినాకే ఆ వరస పక్కన 'అందింది' అని పడుతుంది. అది పడకపోతే రాసినట్లు కాదు. నేను ఇంకొక కట్టుబాటు పెట్టినాను. మందు కొట్టినవాళ్ళే కాదు, కొట్టనివాళ్ళు కూడా దినమూ 'కొట్టలేదు' అని రాయాలి. ఏ వరస ఖాళీగా ఉన్నా ఆ పక్క ఆకు ముట్టకూడదు. పోయి అడగాలి.

"దినమూ రాయాలంటే జనం విసుక్కుంటారవ్వా."

"విసుక్కోనీ. కాఫీ దినమూ తాగుతారు, విసుక్కుంటారా?"

మిగిలిన రైతులకు కూడా ఫోన్లు చేసి జరిగింది చెప్పినాను. ఒకాయన గట్టిగా అరిచినాడు. ఇంకొకాయన పెట్టేసినాడు. రెండో స్టాండులో ఒక పక్క ట్రేలు కూడా మా సొంత షెడ్డులో పెంచుకునేదానికని నేను ఉంచుకున్నవి. జ్వరానికి కూర్చునే పురుగుకు ట్రేలో తేమ ఆరేదానికి వాటి మీద సున్నపు పొడి చల్లి, ట్రేలకు గుర్తుగా దారం కట్టించినాను.

మరుసటి దినం తెల్లవారంగానే చాకీ గది తలుపు తీసినాము. రెండో స్టాండు, మూడో స్టాండు పురుగులు తలలెత్తి, కదలకుండా, సరిగ్గా జ్వరానికి కూర్చున్నాయి. మొదటి స్టాండులో కింది వరస ట్రేలలో పురుగులు మెత్తగా పడి ఉన్నాయి. మొదట మేత పడింది ఆ ట్రేలకే. తాకితే కదల్లేదు. ఆ ట్రేలు బయటికి తెచ్చి, గుంత తవ్వి, సున్నం పోసి పూడ్చినాము. పై వరసలవి బతికే ఉన్నాయి. మేత మానేసి కూర్చున్నవి కొన్ని, ఇంకా తిరుగుతా ఉన్నవి కొన్ని.

జోసెఫ్ రాత్రంతా మెట్టు మీదే ఉన్నాడు. పై వరసలు చూసి, "ఇవి బతికినాయి కదమ్మా, ఇవి ఇవ్వు" అన్నాడు.

"వాటికి నేను మాటివ్వలేను, అవి నేను పెంచుకుంటాను. నువ్వు దారం కట్టిన ట్రేలు ఎక్కించుకో."

"అవి నీవి కదా."

"జ్వరం విడిచేలోపల ఇల్లు చేరాల. మాట్లాడకుండా ఎక్కించు."

దీప, రవణప్ప బయటినుంచి ట్రేలు అందించినారు. జోసెఫ్ పైన తడిగుడ్డ కప్పి, ఎండ రాకముందే ఆటోలో బయల్దేరినాడు. నేను మొదటి స్టాండులో మిగిలిన ట్రేలను మా షెడ్డుకు మోయించినాను.